ఇంజను కోడు చదివే పద్ధతి
పాల రూటు వాహనాలున్న సంఘాలకు ఉపయోగపడే వివరాలు

సంఘంలో ఉదయం పోసిన పాలు శీతలీకరణ కేంద్రానికి సకాలంలో చేరడం రూటు బండి మీద ఆధారపడి ఉంటుంది. ఎండాకాలంలో ఆ బండి దారిలో ఆగిపోతే క్యానుల్లోని పాలు ఎక్కువసేపు నిలవవు. కేంద్రంలో పరీక్షకు వచ్చేసరికి పుల్లబడితే, ఆ నష్టం పాలు పోసిన సభ్యులందరికీ పంచుకు రావలసిందే. ఇంజను చెడిపోవడం కొన్నిసార్లు మన చేతిలో ఉండదు. కాని చెడిన ఇంజనుకు సరియైన విడిభాగం మొదటిసారే తెప్పించుకోవడం మాత్రం పూర్తిగా మన చేతిలోని పని.

చాలా సంఘాల్లో ఈ పని ఇలా జరుగుతున్నది. కార్యదర్శిగారు పట్నంలోని దుకాణానికి మనిషిని పంపి "407 బండికి పిస్టన్ సెట్టు కావాలి" అని చెప్పిస్తారు. దుకాణదారు "ఏ ఇంజను?" అని అడుగుతాడు. వెళ్లిన మనిషికి తెలియదు. దుకాణదారు ఎక్కువగా అమ్ముడయ్యేది ఇచ్చి పంపుతాడు. అది సరిపోకపోతే మళ్లీ ప్రయాణం, మళ్లీ ఒక రోజు, ఆ రోజుకు అద్దె బండి. ఒక్కసారి ఇంజను కోడు చదవడం నేర్చుకుని రిజిస్టరులో రాసి ఉంచుకుంటే ఈ తిరుగుడు తప్పుతుంది. పాత బండి కొనే సందర్భంలోనైతే సంఘం సొమ్మే కాపాడబడుతుంది.

1. మూడు వేర్వేరు గుర్తులు

బండి మీద కనిపించే అంకెలన్నీ ఒకే రకమైనవి కావు. మూడింటిని విడివిడిగా గుర్తించాలి.

మొదటిది మోడలు పేరు. ఇది బండికి పెట్టిన పేరు, ఇంజనుకు కాదు. టాటా 407 సంగతే చూడండి. 1986లో వచ్చిన ఈ బండి పేరులోని 4 అంటే బండి, సరకు కలిపి సుమారు 4 టన్నులు. 07 అంటే సుమారు 70 హార్సు పవరు. అలాగే 1210 అంటే 12 టన్నులు, 100 హార్సు పవరు. 1613 అంటే 16 టన్నులు, 130 హార్సు పవరు. ఈ అంకెలలో ఇంజను నిర్మాణాన్ని గురించి ఏమీ లేదు.

రెండవది ఇంజను కోడు. ఒకే రకంగా తయారైన ఇంజన్లన్నింటికీ ఇది ఉమ్మడి పేరు. 407లో అమర్చిన ఇంజను కోడు 497. మారుతి ఆమ్నీ వ్యానులోని ఇంజను కోడు ఎఫ్-8-బి.

మూడవది ఇంజను నంబరు. ఇది ఆ ఒక్క ఇంజనుకే చెందినది. బ్లాకు మీద చదును చేసిన చోట కొట్టి ఉంటుంది, ఆర్.సి.లోనూ ఉంటుంది. చాలా కంపెనీలు ఈ నంబరు మొదట్లోనే ఇంజను కోడును చేరుస్తాయి. టాటా ఏస్ ఇంజను నంబరు 275 ఐ.డి.ఐ. అని మొదలవుతుంది. మారుతి ఇంజను నంబరు ఎఫ్-8-బి, ఎఫ్-8-డి, జి-13-బి వంటి అక్షరాలతో మొదలవుతుంది. కనుక ఇంజను నంబరు పూర్తిగా రాసుకుంటే, అందులో కోడు కూడా వచ్చినట్లే. చివరి నాలుగైదు అంకెలు మాత్రం రాసి ఊరుకుంటే కోడు పోయినట్లే.

2. బోరు, స్ట్రోకు, సి.సి.

కోడును అర్థం చేసుకోవడానికి మూడు కొలతలు తెలిసి ఉండాలి. సిలిండరు లోపలి వెడల్పును బోరు అంటారు. పిస్టను కిందినుంచి పైకి కదిలే దూరాన్ని స్ట్రోకు అంటారు. పిస్టన్లన్నీ ఒక్కసారి కదిలినప్పుడు ఊడ్చే మొత్తం చోటు సి.సి., అంటే ఘన సెంటీమీటర్లు. ఆర్.సి.లో రాసి ఉండేది ఈ సి.సి.యే.

ఈ మూడింటికీ ఒక లెక్క ఉంది. బోరును సెంటీమీటర్లలోకి మార్చి, దానిని దానితోనే గుణించాలి. వచ్చిన దానిని 0.7854తో గుణించాలి. తరువాత స్ట్రోకుతోను, చివరకు సిలిండర్ల సంఖ్యతోను గుణించాలి.

టాటా 497 ఇంజను బోరు 97 మి.మీ., స్ట్రోకు 100 మి.మీ., సిలిండర్లు 4. ఇక లెక్క చూడండి.

9.7 × 9.7 = 94.09
94.09 × 0.7854 = 73.9
73.9 × 10 = 739
739 × 4 = 2956 సి.సి.

ఈ ఇంజనుకు కంపెనీవారు ముద్రించే సి.సి. కూడా 2956. మన లెక్కకు, ముద్రించిన అంకెకు రెండు మూడు సి.సి.ల తేడా వస్తే కంగారు పడనక్కరలేదు, అది దశాంశాలను సరిచేయడంలో వచ్చేది. కాని వందల్లో తేడా వస్తే కొలతల్లో ఒకటైనా తప్పు, లేదా మనం చూస్తున్నది వేరే ఇంజను.

పాలు పోసేవారు "చిక్కటి పాలు" అని చెప్పినా మనం లాక్టోమీటరు వేసి, ఫ్యాటు తీసి చూస్తాం. ఇంజను విషయంలో కోడు అనేది చెప్పిన మాట. ఈ లెక్క లాక్టోమీటరు వంటిది.

3. బోరును చెప్పే కోడులు

మన వాహనాల్లో ఎక్కువగా కనిపించే టాటా ఇంజన్ల కోడు చదవడం అన్నింటికంటే సులభం. మొదటి అంకె సిలిండర్ల సంఖ్య, తరువాతి రెండంకెలు బోరు మిల్లీమీటర్లలో.

275 అంటే 2 సిలిండర్లు, 75 మి.మీ. బోరు. స్ట్రోకు 79.5 మి.మీ. కనుక 702 సి.సి. 2005లో వచ్చిన టాటా ఏస్ ఇంజను ఇదే.
475 అంటే 4 సిలిండర్లు, అదే 75 మి.మీ. బోరు, అదే స్ట్రోకు, 1405 సి.సి. ఇది ఇండికా డీజిలు ఇంజను. ఏస్ ఇంజను దీనిలో సగం అని ఈ కోడును చూస్తేనే తెలుస్తుంది.
483 అంటే 4 సిలిండర్లు, 83 మి.మీ. బోరు. స్ట్రోకు 90 మి.మీ. కనుక 1948 సి.సి. టాటామొబైల్ 206లోను, మొదటి సుమోలోను వచ్చింది.
497 అంటే 4 సిలిండర్లు, 97 మి.మీ. బోరు, 2956 సి.సి.
692 అంటే 6 సిలిండర్లు, 92 మి.మీ. బోరు. స్ట్రోకు 120 మి.మీ. కనుక దాదాపు 4.8 లీటర్లు. పాత లారీలలోను, పాల ట్యాంకర్లలోను ఉండేది.
697 అంటే 6 సిలిండర్లు, 97 మి.మీ. బోరు. స్ట్రోకు 128 మి.మీ. కనుక 5675 సి.సి.

ఇక్కడ ఒక జాగ్రత్త. 497కు, 697కు బోరు ఒకటే కాబట్టి పిస్టన్లు ఒకటే అనుకోరాదు. స్ట్రోకులు వేరు. పిస్టను పిన్ను, పిస్టను తలమీది గుంట, రింగుల గాళ్ల కొలతలు వేరుగా ఉండవచ్చు. ఈ కోడులలో స్ట్రోకు కనిపించదు, దానిని వివరాల పట్టికలోనే చూసుకోవాలి.

మహీంద్రా జీపులలో చాలా కాలం వచ్చిన ఎక్స్.డి.పి. 4.90 కూడా ఈ పద్ధతిదే. ఇది ఫ్రాన్సు దేశపు పెజో కంపెనీ రూపకల్పన. చుక్కకు ముందున్న 4 సిలిండర్లు, తరువాతి 90 బోరు. స్ట్రోకు 83 మి.మీ. లెక్క వేస్తే 2112 సి.సి. వస్తుంది, జీపు పుస్తకంలో ఉన్నదీ అదే.

4. సి.సి.ని చెప్పే కోడులు

సుజుకి కంపెనీ, దాని ద్వారా మన మారుతి, వేరే పద్ధతి పాటించాయి. ఎఫ్-8-బి అనే కోడులో మొదటి అక్షరం ఇంజను కుటుంబం. మధ్యనున్న 8 అంటే సుమారు 800 సి.సి. చివరి అక్షరం ఆ కుటుంబంలో ఏ రకమో చెబుతుంది. బోరు 68.5, స్ట్రోకు 72 మి.మీ., సిలిండర్లు 3, మొత్తం 796 సి.సి. 1983లో వచ్చిన మారుతి 800 కారులోను, తరువాతి సంవత్సరం వచ్చిన వ్యానులోను ఇదే ఇంజను.

ఎఫ్-8-డి అన్నా 796 సి.సి.యే. బోరు, స్ట్రోకు కూడా అవే. కాని దానిలో సిలిండరుకు నాలుగు చొప్పున 12 వాల్వులు. ఎఫ్-8-బిలో 6 వాల్వులే. కనుక హెడ్డు, వాల్వులు వేరు. చివరి అక్షరం ఒక్కటి మారితే ఎంత మారుతుందో ఇక్కడ చూడవచ్చు.

ఈ పద్ధతిలో సిలిండర్ల సంఖ్య కనిపించదు. పాత జిప్సీలోని ఎఫ్-10-ఎ ఇంజనుకు 4 సిలిండర్లు, 970 సి.సి. మొదటి జెన్ కారులోని జి-10-బికి 4 సిలిండర్లు, 993 సి.సి. 2010లో వచ్చిన ఆల్టో కె-10లోని కె-10-బికి 3 సిలిండర్లే, 998 సి.సి. ముగ్గురికీ పేరులో 10 ఉంది, మూడూ ఇంచుమించు వెయ్యి సి.సి.యే, కాని ఒకదాని భాగం ఒకదానికి పట్టదు.

బ్రిటను దేశపు కంపెనీలు సి.సి.కి బదులు ఘనపు అంగుళాలను వాడేవి. పెర్కిన్స్ వారి 4.236 అంటే 4 సిలిండర్లు, 236 ఘనపు అంగుళాలు. 6.354 అంటే 6 సిలిండర్లు, 354 ఘనపు అంగుళాలు. ఒక ఘనపు అంగుళం 16.387 సి.సి. కనుక మొదటిది దాదాపు 3.87 లీటర్లు, రెండవది దాదాపు 5.8 లీటర్లు. అశోక్ లేలాండ్ వారి పాత కామెట్ లారీలలోని 370, 400 ఇంజన్ల పేర్లు కూడా ఘనపు అంగుళాలే. అంటే సుమారు 6 లీటర్లు, 6.5 లీటర్లు అన్నమాట.

పెజోవారి 4.90కి, పెర్కిన్స్ వారి 4.236కి చూడ్డానికి పోలిక ఉంది. రెండింటిలోను చుక్కకు ముందు సిలిండర్ల సంఖ్యే. చుక్క తరువాత ఒకదానిలో బోరు, రెండవదానిలో పరిమాణం. అందుకే ఏ కంపెనీ కోడో ముందు తెలుసుకుని తరువాత చదవాలి.

5. వరుస సంఖ్య మాత్రమే అయిన కోడులు

కొన్ని కోడులలో కొలత అనేది ఉండదు. మెర్సిడెస్ బెంజ్ వారి ఓ.ఎం. 616 ఇటువంటిది. మొదటి రెండక్షరాలు జర్మను భాషలో డీజిలు ఇంజనును సూచిస్తాయి. 616 అనేది ఆ కంపెనీ తన నమూనాలకు వేసుకున్న సంఖ్య. ఈ ఇంజనుకు 4 సిలిండర్లు, పరిమాణం దాదాపు 2.4 లీటర్లు. పక్కనున్న ఓ.ఎం. 617కు 5 సిలిండర్లు, దాదాపు 3 లీటర్లు. ఒక్క అంకె తేడాలో ఒక సిలిండరు తేడా ఉంది. 616 వంశపు ఇంజను మన దేశంలో బజాజ్ టెంపో వారి ట్రాక్స్, ట్రావెలర్ బండ్లలో వచ్చింది. ఆ కంపెనీయే 2005 నుండి ఫోర్స్ మోటార్స్.

ఇనోవా కారులో 2005 నుండి వచ్చిన టయోటా డీజిలు ఇంజను 2-కె.డి. కూడా ఇంతే. ఇక్కడి 2 సిలిండర్ల సంఖ్య కాదు, లీటర్లూ కాదు. కె.డి. కుటుంబంలో రెండవ ఇంజను అని మాత్రమే. దానికి 4 సిలిండర్లు, 2494 సి.సి. ఇటువంటి కోడులను ఊహించి చదవరాదు, పట్టికలోనే చూడాలి.

6. వెనుక వచ్చే అక్షరాలు

కోడు తరువాత వచ్చే అక్షరాలను చాలామంది వదిలేస్తారు. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతున్నాయి.

డి.ఐ. అంటే డీజిలు నేరుగా పిస్టను మీదికే చిమ్ముతుంది.
ఐ.డి.ఐ. అంటే ముందు ఒక చిన్న గదిలోకి చిమ్మి, అక్కడ మండి, తరువాత సిలిండరులోకి వస్తుంది. వీటికి చలిలో స్టార్టు కావడానికి హీటరు ప్లగ్గులు ఉంటాయి.
ఎన్.ఎ. అంటే టర్బో లేనిది, గాలిని తనంతట తానే పీల్చుకునేది.
టి.సి. అంటే టర్బో ఉన్నది.
టి.సి.ఐ.సి. అంటే టర్బోతో పాటు ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు కూడా ఉన్నది.
సి.ఆర్. అంటే కామన్ రైలు, ఇంజెక్టర్లను విద్యుత్తుతో అదుపు చేసే పద్ధతి.

ఒకే 497 ఎన్నో ఏళ్లు తయారైంది. కాలుష్య నిబంధనలు మారినకొద్దీ దాని రూపం మారింది. బి.ఎస్. 4 నిబంధన దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుండి, బి.ఎస్. 6 నిబంధన 2020 ఏప్రిల్ 1 నుండి అమలుకు వచ్చాయి. టర్బో లేని 497కు, 497 టి.సి.ఐ.సి.కి బోరు, స్ట్రోకు ఒకటే అయినా ఇంధన పంపు, నాజిళ్లు, పిస్టన్లు ఒకటని ఎంతమాత్రం అనుకోరాదు. ఒకదాని నాజిలు మరొకదానికి బిగించినా ఇంజను తిరగవచ్చు, కాని పొగ, డీజిలు ఖర్చు, వేడి పెరుగుతాయి. తిరుగుతున్నది కదా అని ఊరుకుంటే పిస్టను కాలిపోతుంది. కనుక విడిభాగానికి రాసేటప్పుడు కోడు, వెనుక అక్షరాలు, బి.ఎస్. సంఖ్య మూడూ రాయాలి.

7. ఒక బండికి పలు ఇంజన్లు, ఒక ఇంజనుకు పలు పేర్లు

బండి పేరునుబట్టి ఇంజనును నిర్ణయించరాదని చెప్పడానికి అంబాసడరే మంచి ఉదాహరణ. చాలా కాలం దానిలో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపకల్పన చేసిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను ఉండేది. తరువాత అదే 1489 సి.సి.తో డీజిలు ఇంజను వచ్చింది. ఆ పైన ఇసుజు రూపకల్పనలు వచ్చాయి. పెట్రోలుది 1817 సి.సి., డీజిలుది 1995 సి.సి. ఈ రెండింటికీ బోరు 84 మి.మీ.యే, స్ట్రోకు మాత్రం పెట్రోలుకు 82, డీజిలుకు 90. అంబాసడర్ తయారీ 2014లో ఆగిపోయినా, పాత బండ్లు ఇంకా అక్కడక్కడ ఉన్నాయి. ఇక్కడ రెండు పాఠాలున్నాయి. సి.సి. ఒకటైనంత మాత్రాన ఇంజను ఒకటి కాదు. బోరు ఒకటైనంత మాత్రాన కూడా ఒకటి కాదు. ఇంధనం, బోరు, స్ట్రోకు, సిలిండర్లు, నాలుగూ కలిస్తేనే ఇంజను తేలుతుంది.

సుమో కూడా ఇంతే. మొదటి సుమోలో 1948 సి.సి. ఇంజను, సుమో స్పేసియోలో 2956 సి.సి. ఇంజను. "సుమోకు హెడ్డు గాస్కెట్టు" అని అడిగితే దుకాణదారు ఏది ఇవ్వాలి?

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. ఫియట్ రూపకల్పన చేసిన 1248 సి.సి. డీజిలు ఇంజను బోరు 69.6, స్ట్రోకు 82 మి.మీ. దీనిని ఫియట్ వారు మల్టీజెట్ అన్నారు, మారుతివారు డి-13-ఎ అన్నారు, టాటావారు క్వాడ్రాజెట్ అన్నారు. పేర్లు మూడైనా మూలం ఒకటే. అయినా బయట బిగించే భాగాలు, విద్యుత్ పెట్టె కంపెనీని బట్టి మారవచ్చు కనుక విడిభాగం నంబరు చూసే కొనాలి.

8. అంగుళాల ఇంజన్లు

వివరాల పట్టికలో బోరు 88.9, స్ట్రోకు 101.6 వంటి అంకెలు కనిపిస్తే వింతగా ఉంటుంది. అంగుళం 25.4 మి.మీ. కనుక 88.9 అంటే మూడున్నర అంగుళాలు, 101.6 అంటే సరిగా నాలుగు అంగుళాలు. మహీంద్రా వారి 2523 సి.సి. డి.ఐ. ఇంజను కొలతలు ఇవే. అంబాసడర్ 1489 ఇంజను స్ట్రోకు కూడా 88.9 మి.మీ. ఇటువంటి ఇంజన్ల మూల రూపకల్పన అంగుళాలలో జరిగిందన్నమాట. వీటిని విప్పేటప్పుడు మేస్త్రీ బోల్టులను చూసుకుని అంగుళాల స్పానరా, మిల్లీమీటర్ల స్పానరా నిర్ణయించుకోవాలి. తప్పు స్పానరుతో తిప్పితే బోల్టు తల అరిగిపోతుంది.

9. కోడులోని బోరు, ఇప్పుడున్న బోరు

ఇది ముఖ్యమైన విషయం. 497 అంటే కొత్తలో 97 మి.మీ. బోరు. చాలా కిలోమీటర్లు తిరిగిన తరువాత సిలిండరు అరుగుతుంది. దానిని మెషిను షాపులో మళ్లీ బోరు చేసి పెద్ద పిస్టను వేస్తారు. పిస్టన్లు సాధారణంగా 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. చొప్పున పెద్ద సైజుల్లో దొరుకుతాయి. అంగుళాల ఇంజన్లకు అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన 10, 20, 30, 40 అని అడుగుతారు. కొత్త లైనరు వేస్తే మళ్లీ స్టాండర్డు సైజుకు రావచ్చు.

కనుక పిస్టను, రింగులు తెప్పించేటప్పుడు కోడు ఒక్కటే చాలదు, సైజు కూడా చెప్పాలి. విప్పిన పాత పిస్టను తల మీద మసి గీకి చూస్తే సైజు కొట్టి ఉంటుంది. స్టాండర్డు రింగులను పెద్ద బోరులో వేస్తే పొగ, ఆయిలు ఖర్చు తగ్గవు. రిపేరు చేయించిన ఖర్చు వృథా. క్రాంకు షాఫ్టుకు గ్రైండింగు చేయించినప్పుడు బేరింగుల విషయంలోనూ ఇదే సూత్రం, అక్కడ సైజు తగ్గుతుంది.

విద్యుత్తు లేనప్పుడు శీతలీకరణకు నడిపే జనరేటరు ఇంజన్లకూ ఇదంతా వర్తిస్తుంది. కిర్లోస్కర్ వారి ఎ.వి. 1, టి.వి. 1 రెండూ ఒకే సిలిండరు ఇంజన్లు, రెండింటి స్ట్రోకు 110 మి.మీ. మొదటిదాని బోరు 80, రెండవదానిది 87.5 మి.మీ. సి.సి. 553, 661. ప్లేటు మీది కోడు చెరిగిపోయిందని అందాజున పిస్టను తెస్తే ఏడున్నర మిల్లీమీటర్లు తేడా వస్తుంది.

10. శక్తి అంకెలను పోల్చేటప్పుడు

పట్టికలో ఒకచోట హార్సు పవరు, ఒకచోట పి.ఎస్., మరొకచోట కిలోవాట్లు కనిపిస్తాయి. ఒక కిలోవాటు అంటే 1.34 హార్సు పవరు, లేదా 1.36 పి.ఎస్. తిప్పుడు బలాన్ని పాత పుస్తకాలలో కిలోగ్రాము మీటర్లలోను, కొత్తవాటిలో న్యూటన్ మీటర్లలోను ఇస్తారు. ఒక కిలోగ్రాము మీటరు 9.81 న్యూటన్ మీటర్లు. ఒకే ప్రమాణంలోకి మార్చకుండా రెండు ఇంజన్లను పోల్చరాదు.

11. పాత బండి కొనేటప్పుడు

సంఘం తీర్మానం చేసి పాత బండి కొనేముందు ఈ కింది వరుసలో చూడవలెను.

మొదట ఆర్.సి.లోని ఇంజను నంబరును, చాసిస్ నంబరును బండి మీదివాటితో అక్షరం అక్షరం సరిపోల్చాలి. కాగితం అంటించి పెన్సిలుతో రుద్ది ప్రింటు తీసుకుంటే తరువాత వాదనకు తావుండదు. ఇంజను నంబరులో ఇంగ్లీషు అక్షరం బి, అంకె 8 ఒకలా కనిపిస్తాయి. అలాగే ఓ అక్షరం, సున్న. 17 అంకెలు, అక్షరాలుండే చాసిస్ నంబరులో మాత్రం ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు, కనుక అక్కడ గుండ్రంగా కనిపించేది సున్నే. ఆ నంబరు మొదటి మూడక్షరాలు తయారీదారును చెబుతాయి. ఎం.ఎ.టి. అంటే టాటా, ఎం.ఎ.1 అంటే మహీంద్రా, ఎం.ఎ.3 అంటే మారుతి, ఎం.బి.1 అంటే అశోక్ లేలాండ్.

రెండవది, ఇంజను నంబరు మొదట్లోని కోడు చూసి, దానికి ఉండవలసిన సి.సి.ని ఆర్.సి.లోని సి.సి.తో పోల్చాలి. ఇంజెక్టర్లను లేదా స్పార్కు ప్లగ్గులను లెక్కపెడితే సిలిండర్ల సంఖ్య తెలుస్తుంది. పుస్తకంలో 1948 ఉండి, బ్లాకు మీద 497 అని ఉంటే ఇంజను మార్చారన్నమాట.

ఇంజను మార్చడమే తప్పు కాదు. కాని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం మార్పు జరిగిన 14 రోజులలోగా రిజిస్టరింగు అధికారికి తెలిపి, ఆర్.సి.లో నమోదు చేయించాలి. అలా నమోదు కాని బండిని కొంటే ఆ చిక్కు సంఘం నెత్తిన పడుతుంది. ఫిట్‌నెస్ పరీక్షలోను, ప్రమాదం జరిగి బీమా అడిగినప్పుడు కూడా ఇబ్బంది వస్తుంది. బండి రోజూ పాలు మోసినా, కాగితం మీద ఆ ఇంజను ఆ బండిది కాదు.

మూడవది, నంబరు కొట్టిన చోటు గరుకుగా ఉన్నా, అరగదీసినట్లున్నా, అక్షరాలు వంకరటింకరగా ఉన్నా, ధర ఎంత తక్కువైనా ఆ బండి జోలికి పోరాదు.

12. రిజిస్టరులో ఒక పేజీ

ప్రతి వాహనానికి, ప్రతి జనరేటరుకు లాగ్ పుస్తకం మొదటి పేజీలో ఈ వివరాలు రాసి ఉంచాలని సంఘాలకు మా సూచన.

బండి మోడలు, తయారైన నెల, సంవత్సరం.
ఇంజను నంబరు పూర్తిగా, అందులోని కోడు విడిగా, వెనుక అక్షరాలతో సహా.
చాసిస్ నంబరు పూర్తిగా.
ఇంధనం, బి.ఎస్. సంఖ్య.
సిలిండర్లు, బోరు, స్ట్రోకు, సి.సి., మనం వేసిన లెక్కతో సహా.
ఇప్పుడున్న పిస్టను సైజు, బేరింగు సైజు, అవి వేసిన తేదీ, అప్పటి కిలోమీటర్లు.
ఇంధన పంపు మీద, నాజిళ్ల మీద ఉన్న నంబర్లు.

ఈ పేజీని నిలిపివేసిన బండి దగ్గర అరగంట కూర్చుని పూర్తి చేయవచ్చు. డ్రైవరును, మేస్త్రీని పక్కన ఉంచుకుంటే ఇంకా మంచిది. డ్రైవరు మారినా, కార్యదర్శి మారినా, మేస్త్రీ మారినా ఆ పేజీ సంఘంలోనే ఉంటుంది. ఆ పేజీ నకలు పట్టుకుని వెళ్లిన మనిషిని దుకాణదారు "ఏ ఇంజను?" అని అడిగినప్పుడు జవాబు చేతిలోనే ఉంటుంది. సరియైన సామాను ఆ పూటే వస్తే బండి మరునాడు తెల్లవారకముందే రూటు మీదికి వెళుతుంది.